మావయ్య ఇత్తడి రివాల్వరూ, ఎవరూ చెయ్యని ఒక గంట పనీ

పోయిన మార్చిలో అత్తయ్య ఫోన్ చేసింది. "ఒరేయ్, బేస్‌మెంట్ ఖాళీ చేస్తున్నాను. మీ మావయ్య తుపాకి ఒకటి బయటపడింది. పోలీసుల్ని పిలవమంటావా, నువ్వొచ్చి పట్టుకెళ్తావా?"

మావయ్య దగ్గర తుపాకి ఉందని నాకు అప్పటిదాకా తెలీదు. 1974లో ఎమ్మెస్ చెయ్యడానికి ఒహాయో వచ్చి, డేటన్ దగ్గర కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఇంజినీరుగా చేరి, అక్కడే రిటైరైన మనిషి. ఇంట్లో ఎలుకలబోను పెడతానంటే కూడా ఒప్పుకునేవాడు కాదు. "ఆయనకి తుపాకి ఏంటి అత్తయ్యా?" అన్నాను. "మీ మావయ్య కాలేజీలో ఉండగా తెలుగులో కౌబాయ్ సినిమా వచ్చిందిగా, అప్పుడు పట్టిన పిచ్చి. పెళ్ళైన కొత్తలో పోస్టులో తెప్పించుకున్నారు. ముక్కలుముక్కలుగా వచ్చింది. రెండు నెలలు కింద కూర్చుని బిగించారు. రెండుసార్లు పేల్చారు. మూడోసారి కదల్లేదు. అప్పుడు విసుగొచ్చి పెట్టెలో పడేశారు" అంది.

చెప్పుల డబ్బాలో, పాత గళ్ళ లుంగీలో చుట్టి ఉంది. ఇత్తడి చట్రం, ఎనిమిది పలకల ఇనప గొట్టం, వాల్‌నట్ చెక్క పిడి. గొట్టం మీద చిన్న చతురస్రంలో ఏడీ అన్న రెండు అక్షరాలు. ఇటలీలో తుపాకుల్ని పరీక్షించే సంస్థ ఏ ఏడాదికి ఆ ఏడాది ఒక గుర్తు వేస్తుంది. 1975కి ఏఏ, 76కి ఏబీ, అలా లెక్కేసుకుంటూ పోతే ఏడీ అంటే 1978. పక్కనే నల్లమందు (అంటే పాతకాలపు తుపాకిమందు, అభిని కాదు) మాత్రమే వాడాలన్న హెచ్చరిక. డబ్బాలో ఇంకా కిట్‌తో వచ్చిన మడతలు పడ్డ కాయితం, చివర మెలిదిరిగిన స్క్రూడ్రైవర్, సగం ఖాళీ అయిన క్యాపుల రేకు డబ్బా (క్యాప్ అంటే దెబ్బ తగలగానే పేలి మందుని అంటించే చిన్న రాగి టోపీ) ఉన్నాయి.

చట్టం సంగతి ముందే చెప్పేస్తాను, కామెంట్లలో ఎలాగూ అడుగుతారు. అమెరికాలో 1968 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం ఇలా ముందు నుంచి మందూ గుండూ కూరి పేల్చే పాత రకం తుపాకులు, వాటి నకళ్ళు "పురాతన ఆయుధాల" కింద విడిగా లెక్క. అందుకే ఇవి పోస్టులో వచ్చేవి. కానీ ప్రతి రాష్ట్రానికీ తన చట్టం ఉంటుంది, అది మీరే చూసుకోవాలి. వీసా మీద ఉన్నవాళ్ళు నా బ్లాగు చదివి కాదు, లాయర్ని అడిగి ముట్టుకోండి. ఇక దీన్ని సూట్‌కేసులో పెట్టుకుని శంషాబాద్‌లో దిగుదామన్న ఆలోచన ఉంటే ఇక్కడే మానుకోండి. అక్కడ ఆయుధాల చట్టం వేరు, కస్టమ్స్ వాళ్ళకి మీ మావయ్య కథ అక్కర్లేదు.

వారసత్వంగా వచ్చిన ఇలాంటి వస్తువుతో అందరూ మొదట చేసే తప్పు హ్యామర్, అంటే క్యాప్‌ని కొట్టే వెనక ముక్క, లాగి చూడటం. నేను చెయ్యలేదు. తెలివితేటల వల్ల కాదు, హ్యామర్ కదల్లేదు కాబట్టి. ఈ రకం రివాల్వర్‌లో తూటా ఉండదు. సిలిండర్‌లో ఆరు గదులుంటాయి. ఒక్కో గదిలో ముందువైపు నుంచి నల్లమందు పోసి, సీసపు గుండుని లివరుతో దిగ్గొడతారు. వెనక ఒక్కో గదికి ఒక నిపుల్ ఉంటుంది, లారీలకి ఉండే గ్రీజు నిపుల్ లాంటిదే. దాని మీద క్యాప్ పెడతారు. క్యాప్ తీసేస్తే పైకి ఖాళీగానే కనిపిస్తుంది. కానీ లోపల మందు దశాబ్దాలు ఉండిపోవచ్చు, పొడిగా ఉంటే దాని బలం తగ్గదు కూడా. అందుకని ఒక సన్నటి చెక్కపుల్ల తీసుకుని ఒక్కో గదిలో పెట్టి, గోటితో లోతు గుర్తు పెట్టాను. అయిదు గదుల్లో ఒకే లోతు. ఆరోదాంట్లో పుల్ల సగంలోనే ఆగిపోయింది.

అక్కడితో ఇంట్లో పని ఆపేశాను. మా ఊరి నుంచి రెండు గంటలు డ్రైవ్ చేస్తే ఇండియానాలో ఫ్రెండ్‌షిప్ అనే చిన్న పల్లె వస్తుంది. ఇలా ముందు నుంచి మందు కూరే తుపాకుల వాళ్ళ సంఘం, 1933లో పుట్టిన నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్, ఇప్పుడు ఉండేది అక్కడే. జూన్‌లో అక్కడ పోటీలు జరిగేటప్పుడు పాత తుపాకులు బాగుచేసేవాళ్ళు గుడారాలు వేసుకుని కూర్చుంటారు. ఒక పెద్దాయన మాటా మంతీ లేకుండా సిలిండర్ చేతిలోకి తీసుకున్నాడు. ఆ గది నిపుల్ ఊడదీశాడు. దాని స్థానంలో నిజంగానే ఒక గ్రీజు నిపుల్ బిగించాడు. సిలిండర్‌ని ఇసకబస్తా వైపు తిప్పి వైస్‌లో పట్టించి, గ్రీజు గన్నుతో కొట్టడం మొదలుపెట్టాడు. పది, పన్నెండు, పధ్నాలుగు. సీసపు గుండు తెల్లగా బూజు పట్టినట్టు నెమ్మదిగా బయటికొచ్చి బస్తా మీద పడింది. దాని వెనక గ్రీజుతో కలిసి మినప్పిండి ముద్దలా నల్లటి మందు. నలభై ఏళ్ళకి పైగా మా అత్తయ్య వాషింగ్ మెషిన్ పక్కన అరలో ఉన్నది అదే.

మా నాన్నకి విజయవాడ ఆటోనగర్‌లో లారీల కమాను కట్టలు వేసే షెడ్డు ఉండేది. గ్రీజు గన్నుని ఇన్ని రకాలుగా వాడొచ్చని ఆయనకి కూడా తెలిసుండదు.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను. ఈ రివాల్వర్ గురించి ఎవరికి చెప్పినా ఒకటే సలహా. "ఇత్తడిదా? గోడకి తగిలించు." మా ఆఫీసులో ఒక మిత్రుడు ఇంకో అడుగు ముందుకేశాడు. "కొత్తదే రెండు మూడొందల డాలర్లకి వస్తుంటే దీనికోసం ఇంత టెన్షన్ ఎందుకురా?" వాళ్ళందరి మనసులో ఉన్న లెక్క ఒకటే. చవకది కాబట్టి ఇనుము మంచిది కాదు, ఇనుము మంచిది కాదు కాబట్టి పాడైంది. ఈ లెక్క తప్పని నా వాదన. చవక వస్తువులో తక్కువైంది చాలాసార్లు లోహం కాదు, చివరి గంట పని. ముక్కలన్నీ చేశాక, ఒక మనిషి కూర్చుని, ఒకదానితో ఒకటి ఆనేలా ఆకురాయితో సరిచేసే గంట ఒకటుంటుంది. ఆ గంట ఖర్చు తగ్గిస్తే ధర తగ్గుతుంది. మావయ్య కొన్నది కిట్ కాబట్టి ఆయన విషయంలో ఇది ఉపమానం కూడా కాదు. ఆ గంటని కంపెనీ బాహాటంగానే ఆయనకి వదిలేసింది.

దీని మూలం ఏమిటో చూస్తే ఇంకా తెలుస్తుంది. ఇది శామ్యూల్ కోల్ట్ 1851 నేవీ మోడల్‌కి నకలు. .36 క్యాలిబర్, ఏడున్నర అంగుళాల గొట్టం, సిలిండర్ చుట్టూ చెక్కిన ఓడల యుద్ధం. ఆ యుద్ధం 1843 మే 16న టెక్సస్ నౌకాదళానికీ మెక్సికోకీ మధ్య జరిగింది. అమెరికాలో హార్ట్‌ఫర్డ్‌లో ఉన్న కోల్ట్ ఫ్యాక్టరీలోనే ఈ మోడల్ రెండు లక్షల పైచిలుకు చేశారు. యంత్రాలతో ఒకే కొలతకి ముక్కలు చెయ్యడంలో కోల్ట్ పేరు మోగిపోయిన రోజులవి. కానీ అసలు కోల్ట్‌ని విప్పి చూడండి. చట్రం మీద, గొట్టం మీద, సిలిండర్ మీద, చివరికి గొట్టాన్ని పట్టి ఉంచే చిన్న అడ్డచీల మీద కూడా ఒకే వరస నంబరు గుద్ది ఉంటుంది. ఏ ముక్క దేనికైనా సరిపోయేదైతే ఆ నంబర్లతో పనేముంది? యంత్రం ఎంత చేసినా చివర్లో మనిషి కూర్చుని ఈ ముక్కని ఆ ముక్కకి సర్దాడు. మళ్ళీ కలిసిపోకుండా నంబరు వేసుకున్నాడు.

మరి ఇత్తడి ఎక్కడిది? కోల్ట్ నేవీ చట్రం ఇనుము. అమెరికా అంతర్యుద్ధంలో అక్కడి దక్షిణాది రాష్ట్రాల వాళ్ళకి ఇనుము కరువై ఇత్తడితో పోతపోశారు. జార్జియాలో మేకన్ దగ్గర శామ్యూల్ గ్రిస్వాల్డ్ అనే ఆయనకి పత్తి జిన్నులు చేసే ఫ్యాక్టరీ ఉండేది. అందులో 1862 నుంచి 1864 దాకా సుమారు 3,700 ఇత్తడి రివాల్వర్లు చేశారు. పనివాళ్ళలో ఎక్కువమంది బానిసలు. 1864 నవంబర్‌లో ఉత్తరాది సేనాని షెర్మన్ సైన్యం వచ్చి ఫ్యాక్టరీ తగలబెట్టింది. ఇప్పుడు గ్రిస్వాల్డ్ అసలుది దొరికితే సేకరించేవాళ్ళు కళ్ళకద్దుకుంటారు. ఇత్తడి అని ఎవరూ ముఖం చిట్లించరు. ఆ చివరి గంటని జీతం లేని చేతులు చేశాయి. ఇటలీ వాళ్ళు ఆ గంటకి జీతం ఇవ్వాల్సొచ్చింది, అందుకని మానేశారు. నాకు రెండో పద్ధతే నయమనిపిస్తుంది, ఆ బాధ ఇప్పుడు నా వేళ్ళకే అయినా సరే.

ఇటలీ ఎలా వచ్చిందంటే, 1961 నుంచి 65 దాకా అమెరికా అంతర్యుద్ధానికి నూరేళ్ళ ఉత్సవాలు. నాటి యుద్ధాన్ని మళ్ళీ నటించి చూపే సరదా పెరుగుతుందని ముందే పసిగట్టిన వాల్ ఫర్జెట్ అనే వ్యాపారి 1950ల చివర్లో బ్రెషియా దగ్గర లోయకి వెళ్ళి గ్రెగరెల్లి, ఉబెర్టీ అనే పనివాళ్ళ చేత నేవీ నకళ్ళు చేయించాడు. ఆ లోయలోనే గార్డోనే అనే ఊళ్ళో బెరెట్టా కుటుంబం 1526 నుంచి తుపాకీ గొట్టాలు చేస్తోంది. ఆ తర్వాత అక్కడ ఎందరో ఈ పనిలో దిగారు. మావయ్యది వాళ్ళలో ఎవరు చేశారో నాకు తెలుసు గానీ పేరు రాయను. ఒక్క మాట మాత్రం రాయాలి. కోల్ట్ పలకల గొట్టం, కోల్ట్ చెక్కడం తీసుకొచ్చి గ్రిస్వాల్డ్ ఇత్తడి చట్రానికి బిగించారు. గ్రిస్వాల్డ్ గొట్టం గుండ్రంగా ఉంటుంది, సిలిండర్ నున్నగా ఉంటుంది. అంటే మావయ్య కొన్నది నకలే, కానీ దేనికి నకలో చెప్పడం కష్టం.

ఇక లోపలి యంత్రం. హ్యామర్‌ని వెనక్కి లాగితే మూడు పనులు వరసగా జరగాలి. కింద గడియ లాంటి ముక్క దిగి సిలిండర్‌ని వదలాలి. హ్యామర్‌కి తగిలించిన "చెయ్యి" పైకి లేచి సిలిండర్ వెనక పళ్ళని తోసి ఆరోవంతు తిప్పాలి. కొత్త గది గొట్టానికి ఎదురుగా వచ్చేసరికి గడియ మళ్ళీ లేచి సిలిండర్ గాడిలో టక్కున పడాలి. ఇదంతా అయ్యాకే ట్రిగ్గర్ హ్యామర్‌ని పట్టుకోవాలి. మొత్తం ఓ పది పన్నెండు ముక్కలు. గోడగడియారం విప్పినవాళ్ళకి ఇందులో కొత్తేం లేదు.

నా దాంట్లో జబ్బులు మూడు. అడ్డచీల పూర్తిగా దిగ్గొడితే హ్యామర్ అసలు కదలదు. చీల కాస్త వదులు చేస్తే కదులుతుంది, కానీ నెమ్మదిగా లాగితే రెండు గదుల దగ్గర సిలిండర్ గాడి దాకా రాకుండా వెంట్రుకవాసి ముందే ఆగిపోతుంది. ఇక ఒక్కోసారి గడియ లేవనే లేవదు, సిలిండర్ రంగులరాట్నంలా తిరుగుతుంది.

నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. రెండో జబ్బు చూడగానే "చెయ్యి అరిగింది" అని తీర్మానించుకుని కొత్తది తెప్పించాను. ముప్పై డాలర్ల దాకా అయింది. కొత్త ముక్కలు కొంచెం పొడవుగానే వస్తాయి, అరగదీసి సరిపెట్టుకోమని. రెండు సాయంత్రాలు కూర్చుని సరిపెట్టాను. చీల బిగించాను. హ్యామర్ మళ్ళీ కదల్లేదు. చీల వదులు చేశాను, బాగానే తిరిగింది. మళ్ళీ బిగించాను, ఆగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది నాన్న షెడ్డులో కుర్రాళ్ళని తిట్టే తిట్టు. "బిగించే ముందు ఎక్కడ ఆనుతోందో చూడరా!"

కోల్ట్ రకం రివాల్వర్‌కి పైన కప్పు ఉండదు. చట్రం నుంచి ముందుకి ఒక లావుపాటి ఇరుసు పొడుచుకొస్తుంది. సిలిండర్ దాని మీద తిరుగుతుంది. గొట్టం కూడా దాని మీదే ఎక్కుతుంది. అడ్డచీల ఇరుసులోంచి గొట్టంలోకి అడ్డంగా దిగి రెండింటినీ పట్టి ఉంచుతుంది. అసలు కోల్ట్‌లో ఇరుసు కొన గొట్టంలోని బొక్క అడుగుకి ఆనుతుంది. అక్కడ ఆనితే చీలని ఎంత కొట్టినా గొట్టం వెనక్కి రాదు. చవక నకళ్ళలో చాలావాటికి ఇరుసు పొట్టి, లేదా బొక్క లోతు. కొన గాలిలో ఉంటుంది. అప్పుడు గొట్టం కింది అంచు మాత్రం చట్రానికి ఆని, పైభాగం చీల దెబ్బకి వెనక్కి వాలుతుంది. ఒక కోడు పొట్టిగా ఉన్న మంచం మీద మనిషి కూర్చుంటే ఎలా ఒరుగుతుందో అలా. వాలిన గొట్టం సిలిండర్ ముఖాన్ని నొక్కేస్తుంది. ఎంత కొడితే అంత నొక్కుడు. సుత్తి పట్టిన మనిషి మూడ్‌ని బట్టి తుపాకి కొలత మారుతుందన్నమాట.

దీన్ని కనిపెట్టడానికి పనిముట్లు కూడా అక్కర్లేదు. గొట్టం ఊడదియ్యండి, సిలిండర్ తీసెయ్యండి. గొట్టాన్ని పక్కకి తిప్పి, దాని కింది దిమ్మ చట్రానికి ఎదురుగా కాకుండా పక్కన వచ్చేలా ఇరుసు మీదకి తొయ్యండి, ఆగేదాకా. ఇప్పుడు దిమ్మ వెనక అంచు, చట్రం ముందు అంచు ఒకే గీత మీద ఉంటే ఇరుసు సరిగ్గా ఆనుతున్నట్టు. దిమ్మ చట్రాన్ని దాటి వెనక్కి వచ్చేస్తే, ఎంత దాటిందో అంత ఖాళీ. నాది సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటింది. లారీలో ఇంత తేడా ఉంటే నాన్న ఆ బండిని షెడ్డు గుమ్మం దాటనిచ్చేవాడు కాదు.

దీనికి వైద్యం చాలా చిన్నది. ఇత్తడి కడ్డీలోంచి ఒక చిన్న బిళ్ళ కోసి, ఆ బొక్క అడుగున ఎపాక్సీతో అతికించాను. ముందు కావాలనే లావుగా కోశాను. తర్వాత తాళం వేసినట్టు లోపలికీ బయటికీ పెడుతూ, రెండు రుద్దులు రుద్దడం, పెట్టి చూడటం, మళ్ళీ రెండు రుద్దులు. పదకొండోసారికి సరిపోయింది. సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సందు కొలిచే ఫీలర్ గేజ్ పెడితే అంగుళంలో వెయ్యింట ఎనిమిది వంతులు చూపించింది. చీలని సుత్తితో కొట్టినా అంతే, బొటనవేలితో నొక్కినా అంతే. ఈ పనికి పట్టిన సమయం గంటా పది నిమిషాలు. నేను పైన చెప్పిన గంట ఇదే. ఖర్చయింది ఒక బిళ్ళ ఇత్తడి.

అప్పుడు మావయ్య పాత "చెయ్యి"ని భూతద్దం కింద పెట్టి చూశాను. కొన మీద అడ్డంగా ఆకురాయి గీతలు. అది అరగలేదు, ఆయనే అరగదీశారు. ఏం జరిగిందో ఇప్పుడు వరస తెలుస్తోంది. కొత్తగా బిగించినప్పుడు చీల గట్టిగా కొట్టారు. సిలిండర్ పట్టేసింది. తిరగడం కష్టమైంది కాబట్టి తిప్పే ముక్కే పొడుగైందనుకున్నారు. దాన్ని అరగదీశారు. తర్వాత ఏదో ఒకరోజు చీల వదులుగా పెట్టి ఉంటారు. అప్పుడు సిలిండర్ తిరిగింది, కానీ చెయ్యి పొట్టిదైపోయింది కాబట్టి గాడి దాకా రాలేదు. అసలు జబ్బు ఒకటే. రెండోది వైద్యం వల్ల వచ్చింది. ఇలా వారసత్వంగా వచ్చిన వస్తువుల్లో ఇదే పెద్ద చిక్కు. ఫ్యాక్టరీ తప్పు కన్నా మన ముందువాళ్ళ రిపేరు ఎక్కువ బాధపెడుతుంది. అందుకే ఆకురాయి గీత కనిపించిన ప్రతి ముక్క దగ్గరా ఆగాలి. "ఇది అరిగింది" అనుకోకుండా "ఇది ఎవరో ఎందుకో అరగదీశారు" అనుకోవాలి. ఆ ఎందుకో దొరికితే అసలు జబ్బు దొరుకుతుంది.

మూడో జబ్బు నిమిషంలో తేలింది. గడియనీ ట్రిగ్గర్‌నీ ఒకే చిన్న కమాను నొక్కి ఉంచుతుంది. దాని కొన రెండుగా చీలి ఉంటుంది, ఒక కాలు గడియ మీద, ఒక కాలు ట్రిగ్గర్ మీద. గడియ వైపు కాలు విరిగింది. ఈ రకం తుపాకుల్లో అన్నిటికన్నా ఎక్కువగా విరిగేవి ఇదీ, చెయ్యి వెనక ఉండే సన్నటి రేకు స్ప్రింగూ. కొత్తది కొని వేశాను, అంతే. ఇక్కడ మాత్రం నా మిత్రుడి మాటలో కొంత నిజం ఉందని ఒప్పుకుంటాను. ఈ పాత నకళ్ళలో మెత్తటి ముక్కలు లేకపోలేదు. స్క్రూలు మరీ మెత్తన. టూల్‌బాక్స్‌లో దొరికిన స్క్రూడ్రైవర్ పెడితే గాడి చీలిపోతుంది. గాడికి అంచుల దాకా నిండుగా పట్టేలా సానబట్టిన స్క్రూడ్రైవర్ ఒకటి తయారు చేసుకోకుండా ఒక్క స్క్రూ కూడా ముట్టుకోవద్దు. మావయ్య స్క్రూడ్రైవర్ చివర ఎందుకు మెలి తిరిగిందో స్క్రూల మొహాలు చూస్తే తెలిసింది.

క్యాపుల గొడవ ఇంకోటుంది, కానీ అది పాడైన వస్తువుల జబ్బు కాదు, పుట్టుకతోనే ఉన్నది. దీపావళికి మనం కొట్టే రీలు తుపాకి గుర్తుంది కదా. పేలిన రీలు కాయితం హ్యామర్ కింద ఇరుక్కుని తర్వాతది పేలకపోవడం, మనం గోటితో పీకడం. ఇక్కడా అదే. పేలిన రాగి క్యాప్ ముక్కలై వెనక హ్యామర్ గాడిలో పడుతుంది, మొత్తం యంత్రం ఆగిపోతుంది. కోల్ట్ అసలు తుపాకులకీ ఈ రోగం ఉంది. పాత కాలం వాళ్ళు హ్యామర్ లాగేటప్పుడు గొట్టాన్ని ఆకాశం వైపు ఎత్తేవాళ్ళు, ముక్కలు వెనక్కి జారి బయట పడిపోవడానికి. సినిమాల్లో అది స్టైల్ అనుకునేవాణ్ణి. నిపుల్స్ మార్చితే, హ్యామర్ మొహం మీద గరుకు పోయేలా నున్నగా రుద్దితే చాలావరకు తగ్గుతుంది. క్యాప్ నిపుల్ మీద వదులుగా ఉంటే వేళ్ళతో నొక్కి సొట్టపెట్టే అలవాటు కొందరికి ఉంది. అది వద్దు. వదులు క్యాప్ ఊడిపోయి పక్క గది కూడా ఒకేసారి అంటుకునే ప్రమాదం ఉంది. సైజు సరిపోయే క్యాప్ కొనడమే మార్గం.

మావయ్య రెండుసార్లు పేల్చి కడిగినట్టు లేదు. గదుల్లో తుప్పు చుక్కలు. నల్లమందంటే సూరేకారం, గంధకం, బొగ్గు. మన చిచ్చుబుడ్డి సరుకే. కాలాక మిగిలే మసి గాలిలో తేమని పీల్చుకుని ఇనుమును తినేస్తుంది. ఖరీదైన ద్రావకాలు అక్కర్లేదు, వేడినీళ్ళు చాలు. అదే రోజు కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి. ఇక ఆధునిక తూటాల్లో వాడే పొగలేని మందు దీంట్లో చిటికెడు కూడా వెయ్యకూడదు. అది తుపాకిని బాంబు చేస్తుంది. ఈ విషయంలో నాకు వాదనలు లేవు.

ఇత్తడి మాటేమిటి అంటారా? అక్కడ నా వాదనకి హద్దు ఉంది. సిలిండర్ వెనక ఆనే చోట, ఇత్తడి మీద సిలిండర్ పళ్ళ ముద్ర ఇప్పటికే లేతగా పడింది. మావయ్య కాల్చిన కాసిన్ని గుళ్ళకే. నిండుగా మందు పోసి కొడుతూ పోతే ఆ ముద్ర లోతవుతుంది, ఇరుసు మరలు ఇత్తడిలో వదులవుతాయి. ఒకసారి ఇరుసు ఊగడం మొదలైతే పై పనులన్నీ వృథా. దాన్ని ఏ ఆకురాయీ బాగుచెయ్యదు. కాబట్టి తక్కువ మందు, ఎప్పుడో ఒకసారి. గోడకి తగిలించమనే వాళ్ళకీ నాకూ తేడా అంత చిన్నదే. వాళ్ళు "ఎప్పుడూ వద్దు" అంటారు, నేను "ఏడాదికి రెండుసార్లు" అంటాను. కానీ కొత్త ఇత్తడిది కొనుక్కోమనే మిత్రుడికి మాత్రం ఒకటే ప్రశ్న. అందులో ఇరుసు ఆనుతుందో లేదో దుకాణంలో గొట్టం పక్కకి తిప్పి చూసి కొంటావా?

సెప్టెంబర్‌లో రేంజ్‌కి తీసుకెళ్ళాను. కంటి అద్దాలు, చెవి కప్పులు, తక్కువ మందు. అయిదు పేలాయి. ఆరోదాని దగ్గర అయిదో క్యాప్ ముక్క హ్యామర్ గాడిలో పడి ఆగిపోయింది. పట్టకారుతో పీకితే వచ్చింది. గడియ మాత్రం ఇంకా కొంచెం ముందే లేస్తోంది. సిలిండర్ చుట్టూ సన్నటి గీత పడుతోంది. గడియ కాలు వంచి చూడాలి, బహుశా ఈ శీతాకాలంలో.

ఇంటికొచ్చి అత్తయ్యకి ఫోన్ చేశాను. "పేలింది అత్తయ్యా."

"అంతకీ మీ మావయ్య చేసిన తప్పేంటిరా?"

"చీలని సుత్తితో మరీ గట్టిగా కొట్టేశారు."

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "టీవీకీ అదే వైద్యం, మిక్సీకీ అదే వైద్యం. వదిలెయ్, నువ్వు భోంచేశావా?" అంది.